తొమ్మిదో వాక్యం

ఏప్రిల్ 9, తెనాలి

భయ్యా మిషను తెచ్చాడు. వాకిట్లో గోనెపట్టా పరిచి, దాని మీద నిలబెట్టి, పెళ్ళికూతురి ముసుగు తీసినంత మెల్లగా కవరు తీశాడు. రెండు చక్రాల బండి, పైన ఇంజను, కింద పంపు, చుట్ట చుట్టిన నల్లపైపు, చివర నీళ్ళు చిమ్మే తుపాకీలాంటి గన్ను. హైదరాబాదులో ఎవరో విదేశం నుంచి తెప్పించుకుని, రెండుసార్లు వాడి, మోజు తీరాక అమ్మేశారట. సముద్రం మీద వేట నిషేధం పదిహేనో తారీకు నుంచి. రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అడుగున పట్టిన నాచూ గుల్లలూ కడిగే పని ఇక తనదేనని భయ్యా లెక్క.

మిషనుతో ఒక పుస్తకం వచ్చింది. నలభై పేజీలు, అంతా ఇంగ్లిషు. దాన్ని నా ఒళ్ళో పడేసి, "రుక్సార్, నువ్వు బి.ఏ. కదా. ఇదంతా తెలుగులో ఒక్క కాగితం మీద రాసివ్వు. ఒకవైపే. రెండో వైపు ఎవడూ తిప్పడు" అన్నాడు.

మొదటి పేజీలోనే చిక్కు. గ్యాస్ ఇంజన్ అని ఉంది. ముప్పై ఏళ్ళుగా సర్వీసింగ్ షాపులో బైకులు కడుగుతున్న అబ్బా కూడా మిషను చుట్టూ రెండుసార్లు తిరిగి, "గ్యాసా? మరి సిలిండరు ఎక్కడ తగిలిస్తార్రా?" అన్నారు. అమ్మీ వంటింట్లోంచి, "నా సిలిండరు మీద చెయ్యేశారంటే ఇద్దరికీ అన్నం ఉండదు చెప్తున్నా!" అంది.

వాసన పెట్రోలుది. పుస్తకమేమో గ్యాసంటోంది. ముక్కును నమ్మాలా, అచ్చును నమ్మాలా?

ఏప్రిల్ 11, బాపట్ల

పరీక్ష అయ్యాక ఎబినేజర్ సార్‌ని అడిగాను. రోజూ డైరీ రాయమన్నదీ, ప్రతి పేజీకీ ఒక కొత్త మాట పట్టుకురమ్మన్నదీ ఆయనే. ఇంగ్లిషు చెప్పే సారుకి తెలుగంటే అంత ఇష్టమెందుకో ఇప్పటికీ తెలియదు. పుస్తకం తిరగేసి నవ్వారు. "అమెరికా వాళ్ళు పెట్రోలుని గ్యాస్ అంటారమ్మా. గాసొలీన్. నువ్వు అలాగే దించేసి ఉంటే మీ అన్న వంటింటి సిలిండరు మోసుకెళ్ళేవాడు."

తిరుగు ప్యాసింజరులో పొన్నూరు దాటేదాకా ఆ పేజీ మూయలేదు. ఒక్క మాట. ఒక్క మాటతో ఇల్లు కాలిపోయేది. దాన్ని పట్టుకున్నది నేను. కొంచెం గర్వంగా కూడా ఉంది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకోను?

ఏప్రిల్ 13

ఇవాళ్టి మాట: పీడనం.

పైకి అంటే ముందు పెదాలు రెండూ కలుస్తాయి. లోపల ఏదో నొక్కిపెట్టి వదిలినట్టుంటుంది. ప్రెజర్ అంటే అలా లేదు. భయ్యాకి చదివి వినిపించాను: "ఇంజను ఆపిన పిదప ట్రిగ్గరు నొక్కి, గొట్టములో మిగిలిన పీడనమును వదలవలెను."

"పీడించేది నువ్వు. పిదప ఏంటి, వలెను ఏంటి? నేనేమన్నా నాటకం ఆడుతున్నానా? పైపు అను. ప్రెజర్ అను. షాపులో మనుషులు ఏమంటారో అదే రాయి."

ఏడుపొచ్చింది. కానీ అతను అన్నది నిజమే అనిపించింది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. మన జనం నోట్లో ఇప్పటికే తిరుగుతున్న ఇంగ్లిషు మాటను ముట్టుకోను. పైపు, గన్ను, చోక్, నాజిల్, ఇంజెక్షన్. ఇవన్నీ తెలుగే అయిపోయాయి. అమ్మీకి కూడా తెలుసు. మార్చక్కర్లేదు.

పీడనం మాత్రం ఈ డైరీలో ఉంటుంది.

ఏప్రిల్ 16

కాగితం పూర్తయింది. పదకొండు వాక్యాలు. సార్ చదివి రెండు ఒత్తులు సరిచేశారు. సరిగ్గా ఒక వైపు పట్టింది.

సాయంత్రం షాపులో పరీక్ష. నేను ఒక్కో వాక్యం చదవడం, భయ్యా అలా చేయడం. రేకుల షెడ్డులో మొదలుపెట్టబోతుంటే ఆపాను. పొగ గదిలో నిండితే మనిషి నిద్రపోయినట్టే పోతాడని పుస్తకంలో ఉంది. మిషను రోడ్డు పక్కకి తెచ్చారు. ముందు కుళాయి తిప్పాలి, గన్ను నొక్కి పట్టి పైపులో గాలంతా పోయి నీళ్ళు తిన్నగా వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాతే ఇంజను తాడు లాగాలి. నీళ్ళు లేకుండా తిరిగితే పంపు కాలిపోతుంది. భయ్యా అన్నీ వరసగా చేశాడు, ఒక్క నాజిల్ సంగతి తప్ప. ఎర్రది ధారని సూదిలా పంపుతుంది, తెల్లది వెడల్పుగా. తెల్లదానితో మొదలుపెట్టమని నాలుగో వాక్యం. అతను ఎర్రది పెట్టి అబ్బా బోర్డు మీద దుమ్ము కడగబోయాడు. రెప్పపాటులో 'వాటర్ సర్వీసింగ్'లో మొదటి అక్షరం రేకుదాకా లేచిపోయింది.

"టర్ సర్వీసింగ్," అని అబ్బా చదివారు. "శభాష్. కొత్త కంపెనీ."

అందరం నవ్వాం. ఎండి గట్టిపడ్డ పెయింటుని నీళ్ళు అలా ఊడబెరకడం చూసి నేను మాత్రం రెండడుగులు వెనక్కి జరిగాను. నీళ్ళే కదా.

ఏప్రిల్ 20, రేపల్లె వెళ్ళొచ్చి

భయ్యా కాగితానికి ప్లాస్టిక్ తొడిగించి మిషను హ్యాండిలుకి కట్టుకున్నాడు. ఎలా వాడుతున్నాడో చూడాలని రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. అక్కడి నుంచి ఆటోలో రేవు దాకా. పడవ బ్రహ్మాజీ గారిది. దుంగల మీదకి ఎక్కించి ఉంది. కింద నుంచి చూస్తే ఇల్లంత.

"నువ్వేనా పంతులమ్మవి?" అన్నారు బ్రహ్మాజీ గారు. "మీ అన్న ఆ కాగితం చూడందే తాడు లాగడమ్మా. కళ్ళద్దాలంట, బూట్లంట, ఇంజను వేడిగా ఉంటే పెట్రోలు పొయ్యకూడదంట. మా ఆవిణ్ణి చేసుకున్నప్పుడు కూడా నాకిన్ని షరతులు పెట్టలేదు."

"పెట్టుంటే నువ్వు పారిపోయేవాడివి బాబాయ్!" అని భయ్యా పడవ కింద నుంచి అరిచాడు.

అతనిది ఎడమచేతి వాటం. ఆ చూపుడువేలు ట్రిగ్గరు మీద పెట్టి నొక్కితే, నల్లగా ఉన్న చెక్క కింద నుంచి నీలం రంగు బయటికొచ్చింది. నేను రాసిన వాక్యాలు ఒకరి చేతిలోంచి అలా నీళ్ళై రావడం ఇదే మొదటిసారి చూడటం. దానికి ఏం మాట ఉందో వెతకాలి.

ఏప్రిల్ 28

మాట దొరకలేదు. నాలుగో పడవ అయిపోయిందట.

మే 5

ఇవాళ భయ్యా ఆలస్యంగా, కానీ హుషారుగా వచ్చాడు. టీ తాగుతూ చెప్పాడు. పైపు గుల్లల మీద రాసుకుని ఒకచోట పొర లేచిందట. గన్ను కింద పెట్టి చూస్తే అక్కడ వెంట్రుకంత సన్నగా నీళ్ళు చిమ్ముతున్నాయట.

"మరి చేత్తో తడిమి చూడకూడదని రాశాను కదా."

"తడమలేదే తల్లీ! పక్కకి జరుపుదామని పట్టుకున్నా. చురుక్కుమంది. అంతే."

ఎడమ చూపుడువేలు మొదట్లో చుక్క. చీమ కుట్టినంత. రక్తం లేదు. అమ్మీ పసుపు తెచ్చింది.

"అక్కర్లేదమ్మీ. దీని కాగితంలో ఉంది, తొమ్మిదోది. చూసుకున్నా. పడవ పూర్తిచేసి, వచ్చేదార్లో రేపల్లెలో మందుల షాపు పక్కన ఇంజెక్షన్ వేయించుకునే వచ్చా. టీటీ." మోచెయ్యి పైన దూది చూపించాడు.

తొమ్మిదో వాక్యం: "పైపు కారుతుంటే చేత్తో తడిమి చూడకూడదు, ఇంజెక్షన్ గాయం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి."

నేను రాసిన తెలుగు చదివి ఒక మనిషి సూది వేయించుకోవడానికి వెళ్ళాడు. అది కూడా ఎవరు? చిన్నప్పుడు సూదికి భయపడి రైల్వే స్టేషను దాకా పరుగెత్తిన మా భయ్యా!

మే 6

వేలు కొంచెం బిగిసినట్టుందట. ఇంజెక్షన్ వేయించుకున్నాడు కదా.

పొద్దున వెళ్ళి ఆరో పడవ సగం కడిగి వచ్చాడు. అన్నం కుడిచేత్తోనే తింటాడు కాబట్టి మాకు తెలియలేదు. చెయ్యి ఒళ్ళోంచి తీయడం లేదని అమ్మీ కనిపెట్టింది. వేలు లావుగా, మెరుస్తూ ఉంది. ఇంజెక్షన్ వేయించుకున్నాడు కదా.

మే 7

తెల్లారేసరికి జ్వరం. వేలు బూడిద రంగు. తెనాలిలో చూసి, ఇక్కడ కాదు, గుంటూరు తీసుకెళ్ళండన్నారు. అక్కడ డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఎప్పుడు జరిగిందని అడిగింది.

"మొన్న మధ్యాహ్నమండి," అన్నారు అబ్బా.

"మొన్నా! ఇప్పుడా తీసుకురావడం?"

"ఇంజెక్షన్ వేయించామండి. టీటీ."

ఆవిడ వేలు మీది చుక్కని చూపించింది. "రంధ్రమే చిన్నది. లోపలికెళ్ళింది చిన్నది కాదు. ఆ ఒత్తిడికి మురికినీళ్ళు చర్మంలోంచి దూరి, వేలు లోపల పాక్కుంటూ అరచేతిలోకి దిగాయి. కోసి కడగాలి. ఇది గంటల మీద చేయాల్సిన ఆపరేషన్, రోజుల మీద కాదు." పక్కనున్న చిన్న డాక్టరు వైపు తిరిగి ఇంగ్లిషులో రెండు మాటలు చెప్పింది.

ఆ రెండు మాటలూ నాకు తెలుసు. పుస్తకంలో ఉన్నవే. ఇంజెక్షన్ గాయం.

గాయానికి వేసే ఇంజెక్షన్ కాదు. నీళ్ళే సూదై లోపలికి ఎక్కిన గాయం. 

మే 8

ఆపరేషన్ అయింది. వేలు ఉంచారు. ఉంటుందో లేదో వారం ఆగి చెబుతారట.

పుస్తకం మళ్ళీ చూశాను. నేను రాసింది అదే. మాటకు మాట. ఇంజెక్షన్ అంటే ఇంజెక్షనే. ఆసుపత్రికి వెళ్ళమన్నాను, మందుల షాపుకి కాదు. వెంటనే అన్నాను, పడవ పూర్తిచేశాక అనలేదు. నా తప్పు లేదు.

మే 9

నా తప్పు లేదు.

మే 10

బ్రహ్మాజీ గారు చూడటానికి వచ్చారు. ఆసుపత్రిలోకి ఎండుచేపలు తెచ్చినందుకు నర్సు కేకలేసింది. ఆ మూట ఇప్పుడు నా సంచిలో ఉంది. మంచం చుట్టూ మా పిన్ని షబ్నం, అబ్బా, ఇంకో ఇద్దరు చుట్టాలు. భయ్యా అందరికీ అదే చెబుతున్నాడు.

"మా చెల్లి కాగితం ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఇంజెక్షన్ కూడా వేయించుకునేవాణ్ణి కాదు. ఇంకెంత ఘోరం అయ్యేదో!"

షబ్నం పిన్ని నా బుగ్గలు పట్టుకుంది. నేను నవ్వాను. నవ్వడం నాకే తెలిసింది. ఎందుకు నవ్వాను?

"అందుకే నేను అప్పుడే ఫోటో తీసి మా బోట్ల గ్రూపులో పెట్టేశానమ్మాయ్," అన్నారు బ్రహ్మాజీ గారు. "మావాళ్ళు ముగ్గురు ఇలాంటి మిషన్లే తెచ్చారు. అందరూ నీ కాగితమే చూసుకుంటున్నారు."

మే 11

అందరూ నా కాగితమే చూసుకుంటున్నారు.

మే 14, బాపట్ల

సార్ ఇంటికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. తప్పు నాదా అని అడిగాను. ఆయన కాదంటారని వెళ్ళానో, అవునంటారని వెళ్ళానో తెలియదు.

కాగితం తీసుకుని తొమ్మిదో వాక్యం మళ్ళీ చదివారు. "నేనూ చదివాను కదమ్మా. ఇంజెక్షన్ అనగానే నాకూ సూదే గుర్తొచ్చి ఉంటుంది. ఆగలేదు. ఒత్తులు మాత్రం దిద్దాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయారు. సారు తప్పు కూడా ఉందంటే నా తప్పు సగం అవ్వాలి. అవ్వలేదు. ఇద్దరికీ పూర్తిగా ఉంది. ఇదెలా?

లేచి వస్తుంటే అడిగారు. "ఇంగ్లిషులో ఆ చోట ఒకటే వాక్యం ఉందా?"

ఒకటేనండి అన్నాను.

మే 15

రెండున్నాయి.

మే 18

రాయాలి. ఇక్కడ రాయకపోతే ఇక ఎక్కడా రాయను.

పుస్తకంలో రెండో వాక్యం ఉంది: దీన్ని మామూలు గాయంలా చూడవద్దు. నేను దాన్ని తెలుగు చేశాను కూడా. చిత్తుప్రతిలో ఉంది. ఒక్క వైపు పట్టలేదు. ఏదో ఒకటి తీసేయాల్సి వచ్చింది. వెంటనే ఆసుపత్రికి అన్నాక ఇక మామూలు గాయం కాదని వేరే చెప్పాలా అనుకున్నాను. కొట్టేశాను. ఆ ఖాళీలో ఆఖరి వాక్యం హాయిగా పట్టింది. పని అయ్యాక మిషనును తుడిచి, గాలి తగిలే చోట, నిప్పుకు దూరంగా భద్రపరచాలి. 'భద్రపరచాలి' అన్న మాట నాకు నచ్చింది. అది ఉంచాలని ఇది తీశాను.

గ్యాసుని పట్టుకున్నాను. దాని మీద రెండు రోజులు కూర్చున్నాను, ఎందుకంటే అది నాకు తెలియని మాట. తెలిసిన మాట దగ్గర ఒక్క నిమిషం ఆగలేదు.

మే 22

కట్టు విప్పారు. వేలు పోలేదు. మధ్య కణుపు వంగదు. వ్యాయామం చేస్తే కొంచెం రావచ్చు, రాకపోవచ్చునట. భయ్యా గాలిలో ట్రిగ్గరు నొక్కి చూశాడు. మిగతా వేళ్ళన్నీ ముడుచుకున్నాయి. అది ఒక్కటీ నిటారుగా నిలబడింది.

"కుడిచేత్తో నేర్చుకుంటాలే," అన్నాడు.

మిగిలిన పడవలకి ఎవరినో పెట్టుకున్నారు. ఆ మనిషికి భయ్యా మిషనుతో పాటు కాగితం కూడా ఇచ్చాడట.

మే 23

చెప్పాను.

మధ్యాహ్నం, అబ్బా షాపులో ఉండగా, అమ్మీ నమాజులో ఉండగా. పుస్తకం, చిత్తుప్రతి, రెండూ ముందు పెట్టాను. కొట్టేసిన గీత కింద వాక్యం ఇంకా కనిపిస్తోంది. భయ్యా రెండుసార్లు చదివాడు.

"అంటే ఇంజెక్షన్ వేయించుకోమని కాదా?"

"కాదు."

"మరి ఇది ఎందుకు కొట్టేశావు?"

ఒకవైపే రాయమన్నది నువ్వే, జనం మాటలే వాడమన్నదీ నువ్వే అని నోటిదాకా వచ్చింది. అన్నాక చెరిపేయడానికి ఉండదని మింగాను. "పట్టలేదు," అన్నాను.

అతను చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కోపమా? బాధా? రెండూ కానిదా? దేనికి ఏడవాలో తెలియక ఎండుచేపల మూట విప్పి శుభ్రం చేస్తూ కూర్చున్నాను.

మే 24

మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు.

మే 25

పొద్దున టీ గ్లాసు పక్కన పెట్టి, "తెల్లకాగితం తే," అన్నాడు. "ఆ తొమ్మిదోది తీసుకొచ్చి మొదట పెట్టు. ఇంజెక్షన్ అన్న మాట ఎక్కడా వద్దు."

రాసి చదివాను: "సన్నటి ధార తగిలితే నీళ్ళు చర్మంలోకి దూరతాయి. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది. వెంటనే ఆసుపత్రికి..."

"ఆగు. వెంటనే అంటే?"

"వెంటనే అంటే వెంటనే."

"నేను వెంటనే వెళ్ళాను. పడవ అయిపోయిన వెంటనే." నవ్వకుండా అన్నాడు. "నొప్పి లేదు. రక్తం లేదు. మూడొంతులు కడిగిన పడవ ముందుంది. అప్పుడు మనిషికి వెంటనే అంటే ఎంతసేపు? అది రాయి. పైపుకి చిల్లు పడితే ముట్టుకోకుండా ముందు ఇంజను ఆపమని రాయి. ఆపాక గన్ను నొక్కి ప్రెజర్ వదలమని రాయి. అప్పుడు పైపు మార్చమని. టీటీ సరిపోదని రాయి. మందుల షాపు కాదని రాయి. మిషను నీళ్ళు లోపలికి దూరాయని డాక్టరుకి నోటితో చెప్పమని రాయి. వాళ్ళకీ చుక్కే కనపడుద్ది."

"పట్టదు భయ్యా."

"రెండో వైపు లేదా?"

అతను చెప్పడం, నేను రాయడం. అందులో నాకు నచ్చిన మాట ఒక్కటీ లేదు. ఒక్కటీ మార్చాలనీ అనిపించలేదు. అయ్యాక ఫోటో తీసి బ్రహ్మాజీ గారికి పంపాను. పాతది తప్పు, తీసేయించండి, తప్పు నాదే అని కింద రాశాను. ఆయన వాయిస్ పెట్టారు: "సరేనమ్మాయ్. గ్రూపులో అందరి చేతా చదివించి, చదివామని చెప్పిస్తా. నువ్వు ఏడవమాకు." నేను ఏడుస్తున్నానని ఆయనకెలా తెలిసిందో!

భయ్యా కాగితం ఒళ్ళో పెట్టుకుని, పంక్తి కింద వేలు ఆనించి, చిన్నపిల్లాడిలా కూడబలుక్కుంటూ మొదటి నుంచి చదివాడు. ఆ వేలే. వంగదు కాబట్టి స్కేలు పెట్టినట్టు తిన్నగా జరిగింది.

"చూడు, చదవడానికి బాగా పనికొస్తోంది," అన్నాడు.

ఎగతాళో, క్షమాపణో, నిందో తెలియలేదు. తల ఎత్తి అతని ముఖం చూడలేదు. వేలునే చూశాను. అది మొదటి పేరా చివరిదాకా వెళ్ళి, అతను చెప్పి రాయించిన మాటల దగ్గర ఆగింది: "తడిబట్టలతోనే, ఆ గంటలోనే, ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రికి పోవాలి. సగం కడిగిన పడవ ఎక్కడికీ పోదు."